బీరువా తాళం సరే.. ఫోన్ తాళం ఎవరికి?

పెద్దల డిజిటల్ ఆస్తులపై కుటుంబాల్లో కరవైన స్పష్టత
జాబితా లేక వారసులకు తప్పని తిప్పలు

మచిలీపట్నం: ఇంటి పెద్ద కన్నుమూస్తే పెద్దకర్మ ముగిశాక బీరువా తెరవడం తెలుగు ఇళ్లలో ఆనవాయితీ. పొలం దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పాసుపుస్తకాలు, బీమా బాండ్లు, తాకట్టు రసీదులు, చేబదుళ్లకు రాయించుకున్న ప్రామిసరీ నోట్లు అన్నీ అక్కడే ఉండేవి. తాళంచెవి ఎక్కడుందో ఇల్లాలికి తెలిసేది. ఏ కాగితం ఎవరికి చెందాలో నలుగురు పెద్దమనుషులు కూర్చుని తేల్చేవారు. ఇప్పుడు ఆ బీరువా పక్కన మరొక పెట్టె చేరింది. అదే పెద్దాయన చేతిలోని స్మార్ట్‌ఫోన్. పింఛను జమ అయినట్లు వచ్చే సందేశం మొదలు మనవరాలి తొలి పలుకుల వీడియో వరకు అందులోనే ఉంటున్నాయి. దాని తాళం మాత్రం చాలా ఇళ్లలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ లేని నాడు ఏమవుతుందన్న ప్రశ్నకు మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లోని అనేక కుటుంబాల వద్ద సమాధానం లేదు.

డిజిటల్ ఆస్తి అనగానే అదేదో నగరాల్లోని ఐటీ ఉద్యోగులకు సంబంధించిన వ్యవహారమని అనుకోవడం పరిపాటి. వాస్తవం వేరు. 2014 నవంబరులో కేంద్రం జీవన్ ప్రమాణ్‌ను ప్రవేశపెట్టిన తరువాత విశ్రాంత ఉద్యోగులు ఏటా ఇచ్చే జీవన ధ్రువపత్రం సైతం డిజిటల్ రూపం సంతరించుకుంది. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరిట వాట్సాప్ ద్వారా పౌర సేవలను ప్రారంభించింది. కోడూరు, నాగాయలంక మండలాల్లో రొయ్యల చెరువులు సాగు చేసే రైతు మేత బాకీలు, పట్టుబడి లెక్కలు ఫోన్‌లోనే చూసుకుంటున్నాడు. గుడివాడ పరిసర గ్రామాల్లో పిల్లలు అమెరికాలో స్థిరపడిన తల్లిదండ్రులకు రోజువారీ పలకరింపు వీడియో కాల్‌లోనే. పెద్దలకు తెలిసినా తెలియకపోయినా వారి జీవితంలో కొంత భాగం ఇప్పటికే ఫోన్‌లోకి చేరిపోయింది.

మూడు రకాలు.. మూడు దారులు

ఫోన్‌లో ఉన్నవన్నీ ఒకే తీరు ఆస్తులు కావు. మొదటి రకం విలువ కట్టగలిగినవి. బ్యాంకు ఖాతాలు, ఆన్‌లైన్‌లో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లు, డీమ్యాట్ ఖాతాలోని షేర్లు, యాప్‌లలో కొన్న డిజిటల్ బంగారం, వాలెట్లలో మిగిలిన సొమ్ము ఈ కోవలోకి వస్తాయి. క్రిప్టో కరెన్సీ వంటి వాటిని సైతం ఆస్తిగానే పరిగణించాలని 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు అభిప్రాయపడింది.

రెండో రకం విలువ కట్టలేనివి. ఫొటోలు, వీడియోలు, వాట్సాప్‌లో పంపిన గొంతు సందేశాలు, ఈ-మెయిళ్లు, ఫేస్‌బుక్ రాతలు, ఫోన్‌లో రాసుకున్న పద్యాలు, వంటల పద్ధతులు, వంశవృక్షాలు ఇవన్నీ జ్ఞాపకాలు.

మూడో రకం ఇతరుల కంట పడకూడదని ఆ వ్యక్తి భావించేవి. ఎవరికో రహస్యంగా చేసిన సాయం, అన్నదమ్ముల మధ్య నడిచిన మాటలు, ఆరోగ్య నివేదికలు వంటివి ప్రతి ఫోన్‌లోనూ కొన్ని ఉంటాయి. సొమ్ము వారసులకు చేరాలి, జ్ఞాపకం నిలవాలి, రహస్యం ఆయనతోనే ముగిసిపోవాలి. ఈ మూడింటినీ ఒకే పాస్‌వర్డ్ వెనుక ఉంచి, ఆ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకపోవడంతోనో, అందరికీ చెప్పేయడంతోనో చిక్కులు మొదలవుతున్నాయి.

పెద్దల మాట ఏమిటి?

ఈ ప్రస్తావన తెస్తే పెద్దల నుంచి సాధారణంగా నాలుగు రకాల సమాధానాలు వస్తుంటాయి. మొదటిది ‘నా ఫోన్‌లో ఏముందని’ అనే మాట. ఎకరం పొలం, ఇంటి స్థలం, బంగారం మాత్రమే ఆస్తిగా ఎంచిన తరానికి తెరపై కనిపించే అంకె ఆస్తిగా తోచదు. ఫొటోలను వారు ఆస్తి జాబితాలో చేర్చనే చేర్చరు. అయితే వారు పోయిన తరువాత పిల్లలు మొదట వెతికేది తరచూ ఆ ఫొటోలనే.

రెండోది ‘అదంతా పిల్లలే చూసుకుంటారు’ అనే భరోసా. ఫోన్ కొనిచ్చింది అబ్బాయి, ఖాతా తెరిచింది కోడలు, పాస్‌వర్డ్ పెట్టింది మనవడు. కాబట్టి వారికి అన్నీ తెలుసుననుకుంటారు. కానీ నాలుగేళ్ల కిందట సెలవులకు వచ్చినప్పుడు మనవడు పెట్టిన పాస్‌వర్డ్ అతనికి గుర్తుండదు. ఆ తరువాత తాతగారు బ్యాంకు సిబ్బంది సాయంతో మరొక ఖాతా తెరిచిన సంగతి అసలే తెలియదు.

మూడోది అపశకునమన్న శంక. బతికుండగా చావు గురించి మాట్లాడటం మంచిది కాదన్న నమ్మకం వల్ల వీలునామా ప్రస్తావనే అనేక ఇళ్లలో రాదు. పిల్లలు అడిగితే ఆస్తిపై కన్నేశారని పెద్దలు నొచ్చుకుంటారేమోనన్న బెరుకు. పెద్దలు చెబితే ఆరోగ్యం బాగాలేదేమోనని పిల్లలు కంగారుపడతారన్న సంకోచం. ఇరువైపులా ప్రేమే ఉన్నా, ఆ ప్రేమే మాటకు అడ్డుపడుతోంది.

నాలుగోది గోప్యత. ‘నేనుండగా నా ఫోన్ ఎవరూ ముట్టుకోవద్దు, పోయాక ఏం చేసుకుంటారో మీ ఇష్టం’ అనేవారు కొందరు. ‘పోయాక కూడా నా సందేశాలు చదవొద్దు’ అని కోరుకునేవారు మరికొందరు. ఈ కోరిక సబబైనదే. అయితే అది ఎవరికైనా చెబితేనే నెరవేరుతుంది. చెప్పకుండా పోతే ఫోన్ ఎవరి చేతికి చిక్కితే వారిదే నిర్ణయం.

ఈ నాలుగు మాటల్లోనూ ఆధునిక పరిజ్ఞానం పట్ల భయం కంటే, ఏది ఎవరికి చెప్పాలన్న తడబాటే ఎక్కువగా కనిపిస్తుంది.

దివిసీమకు తెలిసిన నష్టం

పత్రాలు, పటాలు పోతే ఎంతటి అవస్థో దివిసీమకు వేరే చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు 10 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. ఇళ్లతో పాటు ఇళ్లలోని దస్తావేజులు, పెళ్లి ఫొటోలు, పిల్లల చదువుల పత్రాలు సైతం నీటిపాలయ్యాయి. తమవారి ముఖం చూపే ఒక్క పటమైనా మిగలని కుటుంబాలకు ఆ లోటు ఏ పరిహారంతోనూ తీరేది కాదు. అంతకు ముందు 1864 నవంబరులో బందరును ముంచెత్తిన తుపాను సుమారు 30 వేల మందిని బలిగొన్నట్లు చరిత్ర చెబుతోంది.

ఆ నేపథ్యంలో ఫోన్‌లోని ఫొటో ఒక రకంగా వరమే. గూగుల్ వంటి సంస్థల సర్వర్లలో దాచిన చిత్రాన్ని ఉప్పెన తాకలేదు. 2024 సెప్టెంబరులో కృష్ణా నదికి రికార్డు స్థాయి వరద వచ్చినప్పుడు, 2025 అక్టోబరులో మొంథా తుపాను తీరం దాటినప్పుడు కాగితాల పెట్టె కంటే ఫోనే ముందు జేబులోకి చేరింది. అయితే కాగితాన్ని నీరు హరిస్తే, డిజిటల్ పత్రాన్ని మౌనం హరిస్తుంది. ఎక్కడ దాచారో తెలియకపోతే అది ఉన్నా లేనట్టే. పైగా దీనికీ గడువు ఉంటుంది. రెండేళ్ల పాటు వినియోగించని వ్యక్తిగత ఖాతాలను, అందులోని ఫొటోలు, మెయిళ్లతో సహా తొలగించే విధానాన్ని గూగుల్ 2023లో ప్రకటించి ఆ ఏడాది డిసెంబరు నుంచి అమలులోకి తెచ్చింది. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకంలో లేకపోతే సాధారణంగా తొలగిపోతుంది. దుఃఖంలో ఉన్న కుటుంబానికి నాలుగు నెలలు ఎలా గడిచాయో కూడా తెలియదు.

ఆంధ్రా బ్యాంకు పాసుపుస్తకం దొరికితే..

ఇక సొమ్ము విషయం. మచిలీపట్నానికి ఈ అంశంతో ప్రత్యేకమైన సంబంధం ఉంది. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఇక్కడే ఆంధ్రా బ్యాంకును స్థాపించిన విషయం విదితమే. 1980లో జాతీయమైన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. ఏడాది తరువాత పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు సైతం చెల్లకుండా పోయాయి. కృష్ణా తీరపు పెద్దల బీరువాల్లో ఆంధ్రా బ్యాంకు పేరున్న పాసుపుస్తకాలు ఇప్పటికీ భద్రంగా ఉంటే ఆశ్చర్యం లేదు. దూరాన ఉండే మనవడికి అలాంటి పుస్తకం దొరికితే, ఆ పేరుతో బ్యాంకే లేదని పక్కన పడేసే ప్రమాదముంది. ఆ ఖాతా విలీనంతో రద్దు కాలేదు. దాని వివరాలు యూనియన్ బ్యాంకులో ఉంటాయి.

పదేళ్ల పాటు లావాదేవీలు లేని ఖాతాల్లోని, గడువు తీరి పదేళ్లయినా ఎవరూ అడగని డిపాజిట్లలోని సొమ్ము రిజర్వు బ్యాంకు నిర్వహించే డిపాజిటర్ల అవగాహన నిధికి బదిలీ అవుతుంది. అంత మాత్రాన హక్కు పోదు. ఖాతాదారు లేదా వారసులు ఎప్పుడైనా బ్యాంకు ద్వారా తిరిగి పొందవచ్చు. ఇలాంటి ఖాతాలను వెతికేందుకు 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఉద్గమ్ పోర్టల్‌ను ప్రారంభించింది. అడగని సొమ్ములో సుమారు 90 శాతం కలిగిన 30 బ్యాంకులు 2024 మార్చి నాటికే ఇందులో చేరాయి. ఖాతాదారు పేరుతో పాటు పాన్, ఓటరు కార్డు, పుట్టిన తేదీ వంటి వివరాలలో ఒకటి ఇస్తే ఆచూకీ తెలుస్తుంది. సొమ్ము కోసం మాత్రం బ్యాంకు శాఖకే వెళ్లాలి. మరచిన మ్యూచువల్ ఫండ్లను గుర్తించేందుకు 2025లో మిత్ర అనే వేదిక అందుబాటులోకి వచ్చింది. అడగని సొమ్మును వారసులకు చేర్చేందుకు కేంద్రం 2025 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దేశవ్యాప్తంగా ప్రత్యేక ప్రచారం సైతం నిర్వహించింది. ఆస్తిని కూడబెట్టినవారు దాని ఊసు ఇంట్లో చెప్పకపోవడం ఎంత సాధారణమో ఈ ఏర్పాట్లే తెలుపుతున్నాయి.

ఓటీపీ వారసత్వం కాదు

‘ఫోన్ మన దగ్గరే ఉంది, పిన్ తెలుసు, ఇక ఇబ్బందేముంది’ అనుకునే కుటుంబాలు అనేకం. ఖాతాదారు మరణించిన తరువాత ఆయన ఫోన్‌పే నుంచి, ఏటీఎం కార్డు నుంచి సొమ్ము తీసి అంత్యక్రియల ఖర్చులకు వాడటం ఇళ్లలో తప్పుగా తోచదు. చట్టం దృష్టి అది కాదు. ఒక వ్యక్తి మరొకరికి ఇచ్చిన అధికారం ఆ వ్యక్తి మరణంతోనే ముగుస్తుందని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం చెబుతోంది. పవర్ ఆఫ్ అటార్నీకి కూడా ఇదే వర్తిస్తుంది. ఒకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా లేదా దురుద్దేశంతో వాడటం ఐటీ చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించదగిన నేరం. తోబుట్టువుల మధ్య తేడా వచ్చిన రోజున, నాన్న పోయిన మరునాడు ఖాతా నుంచి సొమ్ము ఎవరు తీశారన్న ప్రశ్న కోర్టు వరకూ వెళ్లగలదు.

సాంకేతికంగా చూసినా ఈ దారి నమ్మదగినది కాదు. వేలిముద్రతో తెరిచే ఫోన్ ఆ వేలు లేనిదే తెరుచుకోదు. రీఛార్జి చేయకుండా, వాడకుండా వదిలేసిన ప్రీపెయిడ్ నంబరు సుమారు మూడు నెలలకు రద్దు కావచ్చు. అలా రద్దయిన నంబరును కనీసం 90 రోజుల వరకు వేరొకరికి కేటాయించరని ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు తెలిపింది. ఆ తరువాత అది కొత్త వ్యక్తికి చేరవచ్చు. అప్పుడు ఆ నంబరుకు అనుసంధానమైన ఖాతాల ఓటీపీలు అపరిచితుడి ఫోన్‌కు వెళ్లే ప్రమాదముంది. కావున పెద్దల మరణానంతరం లెక్కలన్నీ తేలేవరకు ఆ సిమ్‌ను రీఛార్జి చేసి సజీవంగా ఉంచడం అవసరం. అది ఖాతాలను వాడుకునేందుకు కాదు. ఏయే సంస్థల నుంచి సందేశాలు వస్తున్నాయో గమనించి ఆయా సంస్థలకు సమాచారమిచ్చేందుకు మాత్రమే.

నామినీ వేరు.. వారసుడు వేరు

సొమ్ము చేరాల్సిన సక్రమ మార్గం నామినేషన్. ఈ విషయంలో ఇటీవల రెండు ముఖ్యమైన మార్పులు జరిగాయి. బ్యాంకింగ్ చట్టాల సవరణ ప్రకారం 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్ ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. ఎవరికెంత శాతమో రాయవచ్చు. లేదా ఒకరు లేకపోతే మరొకరన్న వరుస క్రమం ఇవ్వవచ్చు. లాకర్లకు వరుస క్రమం ఒక్కటే వర్తిస్తుంది. రెండోది, మరణించిన ఖాతాదారుల క్లెయిములను పత్రాలన్నీ అందిన 15 రోజుల్లోగా పరిష్కరించాలని రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశాలిచ్చింది. వీటిని 2026 మార్చి 31లోగా అమలు చేయాలని గడువు విధించింది. నామినీ ఉన్న ఖాతాకు వారసత్వ ధ్రువపత్రం తెమ్మని బ్యాంకు అడగరాదు. నామినీ లేకపోయినా, వివాదం లేని పక్షంలో వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల రూపాయల వరకు, సహకార బ్యాంకుల్లో 5 లక్షల వరకు సరళ విధానంలో చెల్లించాలి. ఆ పరిమితి దాటినా, వారసుల మధ్య వివాదం ఉన్నా వారసత్వ ధ్రువపత్రం కోసం సివిల్ కోర్టును ఆశ్రయించవలసి రావచ్చు.

ఇక్కడ ఒక అపోహ బలంగా నాటుకుపోయింది. నామినీగా పేరున్నంత మాత్రాన ఆ సొమ్ము పూర్తిగా తనదేనని చాలామంది భావిస్తారు. బ్యాంకు డిపాజిట్ల విషయంలో నామినీ సొమ్మును స్వీకరించే వ్యక్తి మాత్రమేనని, యాజమాన్యం వారసత్వ చట్టం ప్రకారమే తేలుతుందని సుప్రీంకోర్టు 2010లో స్పష్టం చేసింది. షేర్ల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుందని 2023 డిసెంబరులో తీర్పునిచ్చింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తరువాత జీవిత భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే వారినే లబ్ధిదారులుగా పరిగణిస్తారు. కావున పెద్దబ్బాయిని నామినీగా రాసి, మిగిలిన వారికి పంచుతాడులే అని ఊరుకునే తండ్రి, ఆ మాటను కాగితంపైనా ఉంచడం ఉత్తమం.

వీడియోలో వీలునామా చెల్లదు

ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసినా, వాట్సాప్‌లో సందేశం పంపినా వీలునామాగా చెల్లుతుందని కొందరు నమ్ముతున్నారు. 2000 నాటి ఐటీ చట్టం తన పరిధి నుంచి వీలునామాలను మినహాయించింది. 2022లో ఆ మినహాయింపుల జాబితాను సవరించినా వీలునామా అందులోనే కొనసాగింది. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామాపై రాసిన వ్యక్తి సంతకం లేదా వేలిముద్ర, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. దానికి స్టాంపు కాగితం అవసరం లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరు చేయిస్తే తరువాత వివాదాలకు ఆస్కారం తగ్గుతుంది. వీలునామాలో వాటా పొందేవారు కాకుండా వేరేవారు సాక్షులుగా ఉండటం మేలు. ముస్లిం కుటుంబాలకు వారి వ్యక్తిగత చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం వారసుల సమ్మతి లేకుండా ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామా రాయడానికి సాధారణంగా వీలుండదు.

వీలునామాలో డిజిటల్ ఆస్తులను ప్రస్తావించవచ్చు. డీమ్యాట్ ఖాతాలోని షేర్లు ఎవరికి, ఫొటోల బాధ్యత ఎవరిది, ఫోన్, ల్యాప్‌టాప్ ఎవరు తీసుకోవాలన్నది రాయవచ్చు. పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో రాయకూడదు. కోర్టులో దాఖలైతే వీలునామా నలుగురి కంటా పడుతుంది. పాస్‌వర్డ్‌లు ఎలాగూ మారుతుంటాయి.

జ్ఞాపకాలకు వారసులు

ఫొటోలు, మెయిళ్ల విషయానికి వస్తే మనదేశంలో డిజిటల్ వారసత్వానికి ప్రత్యేక చట్టం లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో మాత్రం ఒక వెసులుబాటు ఉంది. తాను మరణించినా, అశక్తుడైనా తన సమాచారంపై హక్కులను వినియోగించే వ్యక్తిని ముందుగా నామినేట్ చేసుకోవచ్చని ఆ చట్టం చెబుతోంది. దీని నియమావళిని 2025 నవంబరులో ప్రకటించారు. పౌరుల హక్కులకు సంబంధించిన భాగం అప్పటి నుంచి 18 నెలల తరువాత అమలులోకి వచ్చేలా నిర్ణయించారు.

విదేశాల్లో అడుగులు మరింత ముందుకు పడ్డాయి. మరణించిన బాలిక ఫేస్‌బుక్ ఖాతా ఆమె తల్లిదండ్రులకు వారసత్వంగా చెందుతుందని జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2018 జులైలో తీర్పునిచ్చింది. అమెరికాలో 2015లో రూపొందిన నమూనా చట్టాన్ని అత్యధిక రాష్ట్రాలు ఆమోదించాయి. దాని ప్రకారం ఖాతాలోనే వారసుడిని ఎంపిక చేసుకుని ఉంటే వీలునామా కన్నా ఆ ఎంపికకే ప్రాధాన్యం. అక్కడ స్థిరపడిన పిల్లలు ఇక్కడి తల్లిదండ్రుల విషయంలోనూ అదే చట్టం ఉంటుందని భావిస్తే పొరపాటే. మన వద్ద ప్రస్తుతానికి ఆయా సంస్థలు కల్పించిన సదుపాయాలే ఆధారం.

గూగుల్‌లో 2013 నుంచి నిష్క్రియ ఖాతా నిర్వహణ సదుపాయం ఉంది. 3 నుంచి 18 నెలల వరకు ఖాతా వాడకపోతే, ముందుగా ఎంచుకున్న 10 మంది వరకు ఆత్మీయులకు సమాచారం పంపి, అనుమతించిన వాటిని మాత్రమే వారికి అందిస్తుంది. ఫొటోలు కూతురికి, మెయిళ్లు ఎవరికీ వద్దు అని కూడా విడదీసి చెప్పవచ్చు. ఫేస్‌బుక్‌లో 2015 నుంచి వారసత్వ ప్రతినిధిని నియమించుకునే వీలుంది. ఆ ప్రతినిధి సంస్మరణ సందేశం ఉంచగలరు, ఫొటో మార్చగలరు. కానీ పాత సందేశాలు చదవలేరు. ఖాతాను పూర్తిగా తొలగించమని ముందే కోరవచ్చు కూడా. ఐఫోన్ వాడేవారికి 2021 డిసెంబరు నుంచి ఇలాంటి ఏర్పాటు ఉంది. ప్రతినిధి తనకిచ్చిన ప్రత్యేక కీతో పాటు మరణ ధ్రువపత్రం సమర్పించాలి. వాట్సాప్‌లో మాత్రం ఖాతాను వారసులకు అప్పగించే పద్ధతి లేదు. ముఖ్యమైన గొంతు సందేశాలను, ఫొటోలను ఎప్పటికప్పుడు బయటకు తీసి పెన్‌డ్రైవ్‌లోనో, కుటుంబ సభ్యుల ఖాతాలోనో భద్రపరచడమే మార్గం.

ప్రభుత్వ పత్రాలు దాచే డిజిలాకర్‌లో సైతం నామినీని పెట్టుకునే వీలుంది. 2025 ఏప్రిల్ నుంచి సెబీ చొరవతో డీమ్యాట్, మ్యూచువల్ ఫండ్ల వివరాలు అందులో చేరాయి. పెట్టుబడిదారు మరణించినట్లు నమోదైతే నామినీకి సమాచారం అంది, వివరాలు చూసే అవకాశం మాత్రం లభిస్తుంది.

ఒక్క నోటుపుస్తకం చాలు

ఇవన్నీ చూసి పెద్దలు బెంబేలెత్తనక్కరలేదు. ఇందులో అధిక భాగం ఒక చిన్న నోటుపుస్తకంతో పూర్తవుతుంది. అందులో రాయవలసినవి పాస్‌వర్డ్‌లు కావు, చిరునామాలు. ఏ బ్యాంకులో ఏ శాఖలో ఖాతా ఉంది, నామినీ ఎవరు, ఏ కంపెనీ బీమా, ఏ యాప్‌లో పెట్టుబడి, ఏ మెయిల్ ఖాతాకు ఫొటోలు చేరుతున్నాయి, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి నుంచి ఎంత రావాలి అన్నవి వరుసగా రాస్తే చాలు. ఖాతా ఉన్నట్లు తెలిస్తే చట్టబద్ధంగా సొమ్ము రాబట్టేందుకు వారసులకు పాస్‌వర్డ్ అవసరమే రాదు. ఫోన్ తెరిచే పిన్ ఒక్కటి వేరే కాగితంపై రాసి, కవరులో అంటించి, నమ్మకమైన ఒకరికి ఇవ్వవచ్చు. బ్యాంకు, యూపీఐ పిన్‌లు మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు.

పుస్తకం చివరి పేజీలో ఫొటోలు, సందేశాలపై తమ కోరికను నాలుగు వాక్యాల్లో రాయాలి. ఏవి ఎవరికి ఇవ్వాలి, ఏవి చదవకుండానే తొలగించాలి అన్నది స్పష్టంగా ఉండాలి. తీర ప్రాంతం కావడంతో ఈ పుస్తకాన్ని నీరు చొరని కవరులో పెట్టి ఎత్తుగా ఉంచడం, ఒక నకలు వేరే ఊరిలోని కూతురి వద్దనో కొడుకు వద్దనో ఉంచడం శ్రేయస్కరం. ఏడాదికి ఒకసారి, పింఛనుదారులైతే నవంబరులో జీవన ధ్రువపత్రం ఇచ్చే రోజునే దీనిని సరిచూసుకుంటే మరచిపోయే అవకాశం ఉండదు.

మాట ఎవరు ముందు ఎత్తాలన్నదీ చిక్కే. పిల్లలు ‘నాన్నగారూ, మీ ఖాతాల వివరాలు చెప్పండి’ అని అడిగితే వినడానికి ఇబ్బందిగా ఉండవచ్చు. అదే పిల్లలు తమ నామినీ వివరాలు, తమ జాబితా ముందు పెద్దల ఎదుట ఉంచి సలహా అడిగితే సంభాషణ సులువవుతుంది. మరణం వయసు చూసి రాదు కనుక ఈ జాబితా పిల్లలకూ అవసరమే. భార్యాభర్తలలో ఒకరికే లెక్కలన్నీ తెలిసి, మరొకరికి ఏమీ తెలియని ఇళ్లలో ఈ పని మరింత తక్షణం జరగాలి. ఒంటరిగా మిగిలే తల్లికి బ్యాంకు పేరు కూడా తెలియకపోవడం కన్నా పెద్ద కష్టం మరొకటి ఉండదు.

మరణానంతరం వరుస క్రమం

మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించి ధ్రువపత్రాలు తీసుకోవాలి. అవి పలు చోట్ల అవసరమవుతాయి. మీసేవ ద్వారా కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు చేయాలి. బ్యాంకులకు, పింఛను కార్యాలయానికి వెంటనే సమాచారం ఇవ్వాలి. మరణించిన తరువాతి కాలానికి జమ అయిన పింఛను తిరిగి చెల్లించవలసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. ‘ఇద్దరిలో ఎవరైనా లేదా జీవించి ఉన్నవారు’ అన్న షరతున్న ఉమ్మడి ఖాతాను రెండో వ్యక్తి కొనసాగించవచ్చు. కుటుంబ సభ్యుని మరణాన్ని తెలిపి ఆధార్‌ను నిలిపివేయించే సదుపాయాన్ని ఉడాయ్ 2025లో తన పోర్టల్‌లో కొన్ని రాష్ట్రాలకు ప్రారంభించింది. సిమ్‌ను, మెయిల్ ఖాతాను మూసివేయడం అన్నింటికన్నా చివర చేయవలసిన పని. తొందరపడి ఫోన్‌ను ఫార్మాట్ చేసి మనవడి చేతికి ఇస్తే, ఆ తరువాత ఎంత వెతికినా తాతగారి గొంతు దొరకదు.

పొలం గట్టు ఎక్కడుందో పిల్లలకు చూపించడం డెల్టా రైతు కుటుంబాల్లో తరతరాలుగా ఉన్నదే. ఫోన్‌లోని ఆస్తికీ సరిహద్దులు చూపించవలసిన కాలం వచ్చింది. ఇందుకు పెద్దలకు కంప్యూటర్ పరిజ్ఞానం అక్కరలేదు. ఒక పుస్తకం, ఒక కలం, పిల్లలతో ఒక సాయంత్రం ఉంటే సరిపోతుంది.